మా అత్త మానేసిన పత్యం

ఆ ఏడాది వేసవి సెలవులయ్యి బడి తెరిచేసరికి నా జాకెట్లన్నీ వదులైపోయాయి. స్టాఫ్‌రూములో తోటి టీచర్లు "ఏం చేస్తున్నారో మాకూ చెప్పండి" అని చుట్టూ చేరారు. నేనేమీ చెయ్యడం లేదు. కంచంలో అన్నం సగం తినేసరికి కడుపు నిండిపోయినట్టుండేది, లేచిపోయేదాన్ని. నలభై తొమ్మిదేళ్ళ వయసులో ఒళ్ళు దానంతటదే తగ్గుతుంటే ఎవరికి చేదు? టైలరు దగ్గరికి వెళ్ళి జాకెట్లన్నీ బిగింపించుకుని వచ్చాను. నేను చెప్పేది జీవశాస్త్రం. బోర్డు మీద కాలేయం బొమ్మ గీసి, ఇది శరీరంలో అన్నిటికన్నా పెద్ద గ్రంథి అని ఎన్ని బ్యాచ్‌ల పిల్లలకు చెప్పి ఉంటానో. నా కాలేయం సంగతి మాత్రం నాకు తెలియలేదు.

వానాకాలం నడుమ కుడి డొక్కలో బరువుగా మొదలైంది. గ్యాసేమో అనుకున్నాను. మా బావ, అంటే నా భర్త, వినకుండా శ్రీకాకుళం తీసుకువెళ్ళి స్కాన్ చేయించాడు. స్కాన్ తీసిన డాక్టరు తెర వంక చూస్తూ ఒకే చోటును మళ్ళీ మళ్ళీ కొలిచాడు. అక్కడి నుంచి విశాఖపట్నం పంపారు. నా రక్తంలో హెపటైటిస్ బి ఎన్నాళ్ళ నుంచో ఉందని, కాలేయం కుడివైపున నిమ్మకాయంత గడ్డ ఉందని, అది క్యాన్సరని తేలింది.

సర్జను నెమ్మదైన మనిషి. కాగితాలన్నీ చదివి, "గడ్డ తియ్యొచ్చమ్మా. కానీ ఇప్పుడే కాదు. మీరు చాలా నీరసించిపోయి ఉన్నారు. కాలేయంలో ఒక ముక్క తీసేస్తే మిగిలింది మళ్ళీ పెరుగుతుంది, అది పెరగాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి. మూడు వారాలు బాగా తినండి, నడవండి, అప్పుడు రండి" అన్నాడు.

పక్క గదిలో డైటీషియన్ అమ్మాయి ఉంది. మా పెద్ద క్లాసు పిల్లలా ఉందే అనుకున్నాను. జబ్బకు టేపు చుట్టి కొలిచింది. చేతికి ఒక పిడి ఇచ్చి బలంకొద్దీ నొక్కమంది. నొక్కాను. దాని మీది ముల్లు కొంచెం కదిలి ఆగిపోయింది. "అంతేనా మేడమ్? ఇంకోసారి" అంది. ఇంకోసారీ అంతే. రోజుకు ఆరుసార్లు తినాలని, పప్పు, గుడ్లు, పెరుగు, చేపలు తప్పకుండా ఉండాలని, పడుకోబోయే ముందు కూడా ఏదో ఒకటి తిని పడుకోవాలని కాగితం మీద రాసిచ్చింది.

ఆ కాగితం పట్టుకుని ఆమదాలవలసలో మా ఇంటికి వచ్చాం. ఇంట్లో అత్త ఉంది.

మా అత్త నాకు పెళ్ళితో మాత్రమే వచ్చిన అత్త కాదు, మా నాన్నకు అక్క. నేను పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది ఆవిడేనట. మా వైపు ఆడపిల్లను గుంట అంటారు. నాకు యాభై వస్తున్నా, బళ్ళో నన్ను చూసి పిల్లలు గజగజలాడుతున్నా, ఆవిడకు నేను గుంటనే. చదువు లేదు. చిన్న వయసులోనే భర్త పోతే, ఉన్న ఎకరన్నర చేసి కొడుకుని చదివించింది. బావ బజారులో ఎరువుల కొట్టు పెట్టుకుని స్థిరపడ్డాక ఊరు వదిలి మా దగ్గరికి వచ్చింది. నేను బడికి పోతే వంటిల్లంతా ఆవిడదే.

లివరు అనే మాట వినగానే అత్త పొయ్యి మీద నూనె మూకుడు దించేసింది.

"లివరు జబ్బంటే పత్యం ఉండాల. నూనె కూడదు, పప్పు కూడదు, గుడ్డు అసలే కూడదు. పాత బియ్యం జావ, మజ్జిగ తేట. ఇంకేటీ కూడదు" అంది.

"అమ్మా, డాక్టరు గుడ్లు తినమన్నాడే. ఇదిగో, కాయితం మీద రాసిచ్చినారు" అన్నాడు బావ.

"కాయితం మీద సేన రాస్తారు. రోగం సూసింది నాను."

బావ అరిచాడు, బతిమాలాడు. తనే గుడ్లు తెచ్చి ఉడకబెట్టాడు. నేను మాత్రం అత్త వైపు ఉండిపోయాను. ఈ సంగతి అప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. నాకు తినాలని లేదు. పప్పు పోపు వాసనకే వికారం పుట్టేది. జావ అయితే నాలుగు గుక్కల్లో అయిపోతుంది, ఎవరూ ఏమీ అనరు. పత్యం మంచిది కాదని నాకు తెలుసు; పౌష్టికాహారం పాఠం పుస్తకం చూడకుండా చెప్పగలను. తెలిసి కూడా, "పెద్దావిడ మాట కాదనడం ఎందుకు బావా" అంటూ ఆవిడ వెనక దాక్కున్నాను. బావ కొట్టుకు వెళ్ళాక ఆయన ఉడకబెట్టిన గుడ్లు వీధి కుక్కకు పెట్టేదాన్ని. డైటీషియన్ అమ్మాయి ఫోన్ చేస్తే, ఆరుసార్లూ తింటున్నానమ్మా అని చెప్పేదాన్ని.

మూడు వారాలయ్యాక ముగ్గురం పొద్దున్న రైలుకి విశాఖపట్నం వెళ్ళాం. "నాను సేసిన పత్యం ఆ డాక్టరుకి నానే సెప్తాను" అని అత్త బయలుదేరింది. ఇస్త్రీ చీర కట్టుకుంది.

బరువు ఇంకా తగ్గాను. పిడి నొక్కితే ముల్లు ఈసారి ముందటి గీత దాకా కూడా రాలేదు. సర్జను ఆపరేషన్ వాయిదా వేశాడు. "ఇలా తీసుకెళ్తే టేబుల్ మీద నుంచి దింపగలను గానీ, ఆ తర్వాత మీరు కోలుకోలేరు. గడ్డ కూడా మన కోసం ఆగదు కదమ్మా" అన్నాడు. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు.

డైటీషియన్ అమ్మాయి మమ్మల్ని కూర్చోబెట్టి, "ఇంట్లో వంట ఎవరు చేస్తారు?" అని అడిగింది.

"నానే" అంది అత్త. ఏమేం పెట్టిందో, ఏమేం మాన్పించిందో అన్నీ వరసగా చెప్పింది. మెచ్చుకుంటుందనే అనుకుంది పాపం.

ఆ అమ్మాయి చివరి వరకూ విన్నది. తర్వాత కుర్చీ దగ్గరకు జరుపుకుని, "అమ్మమ్మా, మీరు ప్రేమతోనే చేశారు. కానీ ఈ జబ్బుకి ఆ పత్యం పనికిరాదు. తిండి చాలకపోతే ఒళ్ళు తన కండని తానే కరిగించుకుని తింటుంది. మేడమ్ చేతులు చూడండి. ఇలా కండ కరిగిపోయిన వాళ్ళు ఆపరేషన్ తట్టుకోవడం కష్టం. జబ్బు కంటే ముందు నీరసమే మనిషిని తీసుకుపోతుంది" అంది.

అత్త నా చేతులు చూసింది. నా గాజులు మోచేతి దాకా జారిపోయి ఉన్నాయి. ఆవిడ వాటిని మళ్ళీ మణికట్టు మీదికి లాగింది. తర్వాత అడిగింది.

"మా ఇంటాయనకి పచ్చకామెర్లు వొచ్చినాయి. పసరు పోసినాయన నలభై రోజులు పత్యం ఉంచమన్నాడు. ఉప్పు నేదు, పప్పు నేదు. జావే పోసినాను. ముద్ద పప్పన్నం పెట్టవే అని రోజూ అడిగినాడు. పెట్టనేదు. ముప్ఫై రోజులు దాటినాక సచ్చిపోనాడు. అయితే నానే సంపుకున్నానేటమ్మా?"

బావ గోడ వైపు తిరిగిపోయాడు. తండ్రి పోయేనాటికి ఆయనకు పద్నాలుగేళ్ళు. నాకు పన్నెండు. మావ నాకూ గుర్తే. సంతకు వెళ్తే నాకోసం జీళ్ళు తెచ్చేవాడు. ఆయన ఆకలితో అడిగిన సంగతి మాత్రం నేనెప్పుడూ వినలేదు. బావ కూడా విని ఉండడు.

ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. "ఆయన జబ్బు ఎంత ముదిరిందో నేను చూడలేదు అమ్మమ్మా. తిండి పెట్టి ఉంటే బతికేవారని గానీ, పెట్టకపోవడం వల్లే పోయారని గానీ ఎవరూ చెప్పలేరు. అప్పట్లో మీకు చెప్పినవాళ్ళు అలాగే చెప్పారు. మీరు వాళ్ళని నమ్మారు" అంది. "ఇప్పుడు నేను చెబుతున్నాను. నన్ను నమ్ముతారా?" అని అడిగింది.

అత్త తలూపింది.

తిరుగు రైల్లో అత్త కిటికీ పక్కన కూర్చుంది. విజయనగరం దాకా నా మణికట్టు వదలలేదు. ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

"అత్తా, తప్పు నీది కాదు. బావ పెట్టిన గుడ్లు నేనే కుక్కకేశాను. ఫోన్లో ఆ పిల్లకీ అబద్ధం చెప్పాను. నాకు తినబుద్ధి కాలేదు. నీ పత్యం అడ్డం పెట్టుకున్నాను."

ఎదుటి సీట్లో బావ నోరు తెరిచి నన్ను చూశాడు.

అత్త నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. "పంతులమ్మవి కదే. తెలిసే సేసినావా?" అంది.

"తెలిసే చేశాను."

"సావాలనున్నాదేటే?"

"లేదత్తా. భయంగా ఉంది."

ఉడికించిన వేరుశనక్కాయలు అమ్మేవాడు వస్తే ఆవిడ ఆపి ఒక పొట్లం కొంది. ఒక్కొక్క కాయే వొలిచి గింజలు నా అరచేతిలో పెడుతూ పోయింది. పొందూరు దాటేసరికి గుప్పెడు తిన్నాను. ఆ మూడు వారాల్లో నేను నమిలి తిన్నది అదే.

మర్నాటి నుంచి అత్త మరో మనిషైపోయింది. నూనె మూకుడు మళ్ళీ పొయ్యెక్కింది. ఆరుసార్లు అన్న మాట ఆవిడ గుండెలో నాటుకుంది. గడియారం చూడడం రాదు కాబట్టి రైళ్ళను బట్టి పెట్టేది. పొద్దున్న పలాస ప్యాసింజరు వెళ్ళగానే పాలు పోసి కాచిన చోడి అంబలి, అదే రాగి జావ. మరో రైలుకి గుడ్డు. కందిపప్పు మెత్తగా ఉడికించి, నెయ్యేసి, జారు అన్నంలో కలిపి మధ్యాహ్నం. వాసన పడదంటే పోపులో ఇంగువ మానేసింది, వెల్లుల్లి మానేసింది, చివరికి పోపే మానేసింది. కొర్రమీను కోసం బావను బజారంతా తిప్పింది. పెరుగులో మెత్తటి అటుకులు, సాయంత్రం నువ్వుల ఉండ, పడుకునే ముందు ఒక అరటిపండూ పాలూ. నాకు ఎక్కువ పట్టదని చిన్న గిన్నెలే వాడేది. పెద్ద కంచం చూస్తేనే నాకు భయమని ఆవిడే కనిపెట్టింది.

తినడం ఒక్కటే కాదు, నడవాలి కూడా. సాయంత్రం స్టేషను రోడ్డు మీద నన్ను ముందు పెట్టుకుని తను వెనక నడిచేది. దారిలో పలకరించినవాళ్ళందరికీ, "మా గుంటకి ఆపరేసను. కండ పెంచతన్నాను" అని చెప్పేది. నాకు సిగ్గుతో చచ్చినంత పనయ్యేది. పిడి నొక్కే పరీక్ష ఆవిడకు బాగా గుర్తుండిపోయింది. అందుకని తడి తువ్వాళ్ళు నా చేతికిచ్చి పిండించేది. నీళ్ళు కారడం ఆగిపోయిందని నేనంటే, తను తీసుకుని ఒక్క పిండు పిండి ఇంకో దోసెడు నీళ్ళు రాల్చి, "ఇదిగో, సూడు" అనేది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి!

నాలుగు వారాల తర్వాత వెళితే బరువు రెండు కిలోలు పెరిగింది. ముల్లు కిందటిసారి కంటే చాలా దూరం పోయింది. డైటీషియన్ అమ్మాయి చప్పట్లు కొట్టింది. గడ్డ కూడా కొంచెం పెరిగింది గానీ చెయ్యి దాటిపోలేదన్నాడు సర్జను. ఆ వారంలోనే ఆపరేషన్ చేశాడు.

ఆపరేషన్ గురించి నాకేమీ తెలియదు, నిద్రపోయాను. తర్వాతి రోజుల గురించి మాత్రం బాగా తెలుసు. కడుపు మీద అడ్డంగా పెద్ద కోత, డొక్కలో గొట్టం. దగ్గితే ప్రాణం పోయినట్టుండేది. కాళ్ళు ఉబ్బాయి. ఉప్పు తగ్గించారు. నోట్లో ఏది పెట్టుకున్నా తుప్పు పట్టిన ఇనుము నాకినట్టుండేది. ఆరో రోజున అత్త పెసరకట్టు కలిపిన అన్నం చెంచాతో నోటి దగ్గర పెడితే, గిన్నెను చేత్తో కొట్టేశాను. అన్నం ఆవిడ చీర మీదా మంచం మీదా పడింది.

"వద్దంటే అర్థం కాదా నీకు! నన్ను వదిలెయ్యి!" అని అరిచాను. అంతకు ముందెప్పుడూ ఆవిడ మీద గొంతెత్తలేదు.

అత్త వంగి మెతుకులు ఏరింది. చీర తుడుచుకుంది. బయటికి వెళ్ళి గిన్నె కడుక్కుని మళ్ళీ వచ్చి, క్యారియరులో మిగిలిన అన్నం అందులో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

"ఆయన అడిగినా పెట్టనేదు" అంది, నా మొహం చూడకుండా. "నువ్వు వొద్దన్నా పెడతాను. కొడితే కొట్టు."

నేను ఏడ్చాను. ఏడిస్తే కోత నొప్పి. నొప్పి అని ఇంకా ఏడ్చాను. ఆవిడ నా కళ్ళు తుడిచి, ముక్కు తుడిచి, చెంచా నోటి దగ్గర పెట్టింది. మూడు చెంచాలు తిన్నాను. నాలుగోది వద్దన్నాను. "సరే, గంటాగి" అంది. గంటాగి మళ్ళీ పెట్టింది.

ఆ వార్డులోనే నౌపడ నుంచి వచ్చిన ఒకాయన ఉండేవాడు. ఉప్పు మళ్ళల్లో పని. నాకు చేసిన రెండు రోజులకు ఆయనకూ ఇదే ఆపరేషన్ చేశారు. ఆయన భార్యా మా అత్తా దోస్తులైపోయారు. ఎవరి రోగి ఎంత తిన్నాడన్నదే ఇద్దరికీ కబురు. ఆయన నాకంటే బాగా తినేవాడు. భార్య తెచ్చిన ఎండు రొయ్యల కూర తినాలని ఉందని నర్సుతో దెబ్బలాడేవాడు. నాకంటే ముందే ఇంటికి వెళ్ళిపోయాడు.

నేను రెండు వారాలకు ఇల్లు చేరాను. మూడు నెలలకు కాళ్ళ వాపు పూర్తిగా పోయింది. ఆరు నెలలకు బడికి వెళ్ళాను. బిగించిన జాకెట్లు విప్పించుకోవలసి వచ్చింది. టైలరు నవ్వితే నేనూ నవ్వాను.

ఏడాదిన్నర తర్వాత నౌపడ నుంచి ఫోన్ వచ్చింది. ఆయన పోయాడు. జబ్బు మళ్ళీ వచ్చి, ఊపిరితిత్తులకు పాకిందట. అత్త ఫోన్ పక్కన పెట్టేసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, "ఆయన బాగానే తినేవాడు కదే?" అంది.

"తినేవాడత్తా."

"మరేటే?"

తిండి తిన్నవాళ్ళందరూ బతుకుతారని ఎవరూ చెప్పలేదని, తినకపోతే బతికే దారి ఇంకా ఇరుకైపోతుందని మాత్రమే చెప్పారని అన్నాను. నాకే ఆ మాట చప్పగా అనిపించింది. అత్త వినలేదనుకుంటాను. నౌపడ వెళ్ళి ఆయన భార్యను చూసొస్తానంది. ఇద్దరం వెళ్ళాం. ఆడవాళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వీధరుగు మీద కూర్చున్నారు. వచ్చేటప్పుడు అత్త ఆవిడతో, "ఆయన అడిగింది నువ్వు పెట్టినావు. ఆ మాట మర్సిపోకు" అంది. ఆవిడ తల ఊపుతూ ఏడ్చింది.

ఆపరేషన్ అయిన మూడో ఏట నాకు స్కాన్‌లో చిన్న మచ్చ కనిపించింది. ఆ రోజు బావ అన్నం తినలేదు. ఈసారి కొయ్యలేదు, పొట్ట పైనుంచే ఆ మచ్చలోకి సన్నటి సూది పంపి కాల్చేశారు. రెండు రోజుల్లో ఇంటికొచ్చాను. ఒంట్లో సత్తువ ఉండబట్టే ఇంత తేలిగ్గా అయిందన్నాడు సర్జను. ఆయన ఆ మాట అంటుంటే నేను అత్త వైపు చూశాను. ఆవిడ ఆస్పత్రి గోడ మీద బల్లిని చూస్తోంది. వినిపించలేదేమో. ఇంటికొచ్చాక నేనే గట్టిగా మళ్ళీ చెప్పాను. "మరి ఏటనుకున్నావు?" అంది.

కిందటి నెల మళ్ళీ స్కాన్‌కి వెళ్ళాం. ఆపరేషన్ అయ్యి అయిదేళ్ళు దాటింది. అత్తకు మోకాళ్ళు పట్టేశాయి, రావద్దంటే వినలేదు. చక్రాల కుర్చీ తెస్తామంటే కోప్పడింది. నా భుజం పట్టుకుని కారిడారు పొడుగునా నడిచింది. బావ రిపోర్టు కోసం లోపలికి వెళ్ళాడు. మేమిద్దరం బెంచీ మీద కూర్చున్నాం. నా అరచేతులు చెమటలు పడుతున్నాయి. ప్రతిసారీ అంతే, అలవాటు కాదు. అత్త నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని పమిటతో తుడిచింది.

బావ బయటికొచ్చాడు. ఆయన నడకను బట్టే నాకు తెలిసిపోయింది.

"ఏటన్నారు?" అంది అత్త.

"ఏటీ నేదమ్మా. బాగున్నాది. మళ్ళీ ఆర్నెల్లకి రమ్మన్నారు."

అత్త లేచి నిలబడడానికి నా భుజం అందుకుంది. "అయితే పదండి. నాకు ఆకలేస్తన్నాది" అంది.

ఆస్పత్రి ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో ముగ్గురం ఇడ్లీ తిన్నాం. అత్తకు సాంబారు నచ్చలేదు, ఆ సంగతి హోటలాయనతోనే చెప్పింది. మధ్యాహ్నం రైలుకి ఇల్లు చేరాం.